వెన్నెల రాత్రి.. సైకిల్‌పై సాగరతీరానికి
సాతంరాయి నుంచి సముద్రం 360 కిలోమీటర్లు • ఒక్క రాత్రిలో సాధ్యమేనా? • బృంద యాత్రకు దూరం, వెలుగు, నిద్రలే అసలు లెక్కలు

శంషాబాద్: సాతంరాయి కూడలిలో రాత్రి పది దాటాక నిలబడితే రెండు రకాల సైకిళ్లు కనిపిస్తాయి. కాటేదాన్, గగన్‌పహాడ్ కర్మాగారాల్లో పని ముగించుకుని ఇళ్లకు వెళ్లే కార్మికుల పాత సైకిళ్లు ఒక రకం. హెల్మెట్, మెరిసే కోటు, ముందూ వెనుకా దీపాలతో బెంగళూరు రహదారి పక్కగా బారులుతీరి సాగిపోయే ఔత్సాహికుల ఖరీదైన సైకిళ్లు రెండో రకం. మొదటి రకం సైకిళ్లు ఎక్కడికి వెళ్తాయో ఊరందరికీ తెలుసు. రెండో రకాన్ని చూసినవారికి మాత్రం ఈ వేళప్పుడు వీరు ఎక్కడికి బయలుదేరారన్న సందేహం కలగక మానదు.

రాత్రంతా గుంపుగా సైకిల్ తొక్కి తెల్లవారేసరికి సముద్రపు ఒడ్డుకు చేరడం కొన్ని దేశాల్లో ఏటా జరిగే వేడుక. మన ప్రాంతంలోనూ రాత్రివేళ దూరప్రయాణాలు చేసే సైక్లిస్టుల సంఖ్య గత పదిహేనేళ్లలో బాగా పెరిగింది. హైదరాబాద్‌కు సముద్రం లేదన్న లోటును సైకిల్‌తో తీర్చుకోవాలన్న ఆలోచన వారిలో తరచూ తలెత్తుతుంటుంది. ఆ ఆలోచన ఎంతవరకు ఆచరణసాధ్యం, అందులోని ప్రమాదాలేమిటి, సాతంరాయి వంటి రహదారి పక్క గ్రామం నుంచి బయలుదేరితే ఏ దారి పట్టాలి అన్నవి ఆసక్తికరమైన ప్రశ్నలు.

లండన్‌లో మొదలైన ఆనవాయితీ

ఈ తరహా యాత్రల్లో పేరెన్నికగన్నది ఇంగ్లండ్‌లోని డన్విచ్ డైనమో. 1990ల తొలినాళ్లలో లండన్ నగరంలో సైకిళ్లపై ఉత్తరాలు, పార్శిళ్లు చేరవేసే యువకులు సరదాగా దీన్ని ప్రారంభించారు. జులై నెలలో పౌర్ణమికి దగ్గరగా వచ్చే శనివారం సాయంత్రం తూర్పు లండన్‌లోని ఒక ఉద్యానవనం వద్ద గుమికూడి, సుమారు 180 కిలోమీటర్లు తొక్కి, ఆదివారం వేకువన సఫోక్ తీరంలోని డన్విచ్ అనే చిన్న పల్లెకు చేరుకుంటారు. ప్రవేశ రుసుము లేదు. పతకాలు లేవు. ముందు వచ్చినవారికీ చివర వచ్చినవారికీ తేడా లేదు. మలుపుల వద్ద గాజు సీసాల్లో చిన్న దీపాలు వెలిగించి దారి చూపే అలవాటు ఈ యాత్రకు ప్రత్యేక గుర్తింపు తెచ్చింది. కొద్దిమందితో మొదలైన యాత్రకు తర్వాతి కాలంలో వేలమంది రాసాగారు.

గమ్యంగా ఎంచుకున్న పల్లెకూ ఒక చరిత్ర ఉంది. మధ్యయుగంలో డన్విచ్ పెద్ద ఓడరేవు పట్టణం. 1286 నాటి తుపానులతో మొదలై శతాబ్దాల తరబడి సముద్రం దానిని కోసుకుంటూ వచ్చింది. అక్కడి చివరి పాత చర్చిలలో ఒకటి 1904 నుంచి 1919 మధ్య కాలంలో ముక్కలుముక్కలుగా కడలిలో కలిసిపోయింది. బందరు పూర్వవైభవం తెలిసిన తెలుగు పాఠకులకు ఈ కథ కొత్తగా తోచదు.

అదే లండన్‌లో శుక్రవారం అర్ధరాత్రి హైడ్ పార్క్ మూల నుంచి బయలుదేరి బ్రైటన్ వంటి తీర పట్టణాలకు చేరే మరో సంప్రదాయం ఉంది. దూరం 90 కిలోమీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది. అక్కడి పద్ధతి మనవారు గమనించదగ్గది. ముందు నడిచే నాయకుడు ప్రతి మలుపు వద్ద తన వెనుకనున్న ఒకరిని నిలబెట్టి సాగిపోతాడు. ఆ వ్యక్తి వెనుక వచ్చేవారందరికీ దారి చూపి, చిట్టచివరి సైకిల్ వచ్చిన తర్వాతే కదులుతాడు. చివరన ఉండేవారు అనుభవజ్ఞులు; ఎవరి టైరు పంక్చరైనా బాగుచేసి, వారిని తీసుకునే ముందుకు వస్తారు. బృందం మొత్తం ఆగి ఎదురుచూస్తుంది. ఎవరినీ చీకట్లో వదిలి వెళ్లరాదన్నదే అక్కడి ప్రధాన నియమం. చేతిలో దారి చూపే సెల్‌ఫోన్ ఉన్న ఈ రోజుల్లోనూ ఈ పాత పద్ధతికి మించినది లేదు. ఫోన్ దారి చెబుతుంది గానీ పంక్చర్ వేయదు.

మన లెక్క వేరు

సాతంరాయి నుంచి సముద్రానికి ఉన్న దూరమే ఇక్కడి ప్రధాన సమస్య. తొండుపల్లి దాటి విమానాశ్రయం వైపు వెళ్లే ఈ పీఠభూమి సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. శంషాబాద్ విమానాశ్రయం అధికారిక ఎత్తు 617 మీటర్లు. తీరానికి వెళ్లడమంటే అంత ఎత్తు నుంచి దిగడమే కనుక దారంతా పల్లమేనని కొందరు భ్రమపడుతుంటారు. 360 కిలోమీటర్లలో 600 మీటర్లు దిగడమంటే సగటున కిలోమీటరుకు రెండు మీటర్లు కూడా లేదు. మధ్యలో వచ్చే ఎత్తుపల్లాలు ఆ లాభాన్ని పూర్తిగా మింగేస్తాయి. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట వరకు ఉండే దీర్ఘమైన ఎక్కుడులు కారులో వెళ్లేవారి దృష్టికి రావు. సైకిల్ తొక్కే మోకాళ్లకు మాత్రం ప్రతిదీ లెక్కే.

తీరానికి రెండు దారులున్నాయి. మొదటిది విజయవాడ మీదుగా బందరు. పుణె నుంచి మచిలీపట్నం వరకు సాగే 65వ నంబరు జాతీయ రహదారి ఇదే; పాతవారికి 9వ నంబరుగా సుపరిచితం. సాతంరాయి నుంచి ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట, ఎల్బీనగర్‌ల మీదుగా ఈ రహదారిని అందుకోవచ్చు. లేదా శంషాబాద్ నుంచి బాహ్యవలయ రహదారి సర్వీసు రోడ్డు పట్టుకుని తుక్కుగూడ, బొంగుళూరుల మీదుగా పెద్దఅంబర్‌పేట చేరవచ్చు. దూరంలో పెద్ద తేడా లేదు. సాయంత్రం వేళ నగరంలోని రద్దీని తలచుకుంటే సర్వీసు రోడ్డే మేలు. బాహ్యవలయ రహదారి ప్రధాన మార్గంపైకి సైకిళ్లకే కాదు, మోటారు సైకిళ్లకూ అనుమతి లేదన్నది గుర్తుంచుకోవాలి. మెహిదీపట్నం వైపు నుంచి వచ్చేవారికి 2009లో ప్రారంభమైన పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే విషయంలోనూ అంతే. కింది రోడ్డునే రావాలి.

పెద్దఅంబర్‌పేట దాటాక చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ వరుసగా వస్తాయి. రాష్ట్ర సరిహద్దు దాటితే జగ్గయ్యపేట, నందిగామ, ఇబ్రహీంపట్నం, విజయవాడ. అక్కడి నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. బందరు ఊరు నుంచి మంగినపూడి తీరానికి మరో 11 కిలోమీటర్లు. వెరసి సాతంరాయి నుంచి 360 కిలోమీటర్లకు అటూ ఇటుగా తేలుతుంది.

రెండో దారి నార్కట్‌పల్లి వద్ద చీలుతుంది. అద్దంకి రహదారిపై నల్గొండ, మిర్యాలగూడ దాటి వాడపల్లి వద్ద కృష్ణా నదిని దాటితే దాచేపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా బాపట్ల వెళ్లవచ్చు. బాపట్ల నుంచి సూర్యలంక తీరం 9 కిలోమీటర్లు. దూరం మొదటి దానికంటే కొద్దిగా తక్కువ. వాడపల్లి వద్ద కృష్ణా, మూసీ కలుస్తాయి. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ నగరాన్ని చుట్టి వచ్చిన మూసీ నీరు సముద్రం వైపు సాగే దారి కూడా ఇదే.

ఒక్క రాత్రిలో ఇంత దూరం సాధ్యమా? సాధారణ సైక్లిస్టుకు సాధ్యం కాదు. విరామాలు, పంక్చర్లు, భోజనాలు అన్నీ కలుపుకుని గంటకు 15 కిలోమీటర్ల చొప్పున లెక్కిస్తే 24 గంటలు పడుతుంది. శనివారం సాయంత్రం నాలుగు గంటలకు సాతంరాయిలో బయలుదేరినవారు అర్ధరాత్రి దాటి రెండు గంటల వేళకు సూర్యాపేట, తెల్లవారుజామున కోదాడ చేరతారు. విజయవాడకు వచ్చేసరికి ఆదివారం పొద్దున పదకొండు. అప్పటికి ఎండ మాడుపై ఉంటుంది. నిద్ర లేని శరీరంతో, ఎదురెండలో మరో 80 కిలోమీటర్లు తొక్కితే గానీ అలల చప్పుడు వినపడదు. సూర్యోదయం చూడాలని బయలుదేరినవారు సూర్యాస్తమయానికి కాస్త ముందుగా చేరతారన్న మాట.

బ్రెవే అంటే..

ఇంత దూరం తొక్కేవారు లేరని కాదు. బ్రెవే పేరిట జరిగే దూరప్రయాణాలు హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా సాగుతున్నాయి. హైదరాబాద్ రాండనీర్స్ బృందం వీటిని నిర్వహిస్తోంది. 1904లో ఏర్పడిన ప్యారిస్ సంస్థ ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నిబంధనలే ప్రపంచమంతటా వీటికి ప్రమాణం. ప్రస్తుత రూపంలోని బ్రెవేలు 1921లో ఫ్రాన్స్‌లో మొదలయ్యాయి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. ఇది పోటీ కాదు. గడువులోపు వచ్చినవారందరూ సమానమే. ఒకే ఏడాదిలో ఈ నాలుగూ పూర్తిచేసినవారిని సూపర్ రాండనీర్‌గా గుర్తిస్తారు. నాలుగేళ్లకోసారి జరిగే 1200 కిలోమీటర్ల ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్ యాత్రకు అదే అర్హత. 1891లో మొదలైన ఆ యాత్ర గత విడత 2023 ఆగస్టులో జరిగింది. అందులో భారతీయులు పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు.

దారిలో నిర్ణీత కేంద్రాల వద్ద కార్డుపై ముద్ర వేయించుకోవాలి. అర్ధరాత్రి మనిషి దొరకని చోట ఏటీఎం చీటీ, దుకాణం రసీదు సాక్ష్యంగా చూపుతారు. రాత్రివేళ సైకిల్‌కు బిగించిన దీపాలు, మెరిసే కోటు లేనివారిని అనుమతించరు. మార్గమధ్యంలో ఎవరి క్షేమానికి వారే బాధ్యులు. ఈ చివరి నియమం విని చాలామంది వెనుకంజ వేస్తారు. లండన్ శుక్రవారపు యాత్రకూ బ్రెవేకూ తేడా ఇక్కడే ఉంది: అక్కడ బృందం ఆగుతుంది, ఇక్కడ గడియారం ఆగదు. కొత్తవారికి మొదటిదే తగినది.

400 కిలోమీటర్ల బ్రెవేలో ఒక పూర్తి రాత్రి తప్పనిసరిగా సైకిల్‌పైనే గడుస్తుంది కనుక, సాతంరాయి నుంచి తీరానికి ఏకబిగిన వెళ్లాలనుకునేవారు ముందుగా 200, 300 బ్రెవేలు పూర్తిచేయడం సరైన క్రమం. సాధన కోసం దూరం వెళ్లనక్కర్లేదు. పొరుగునున్న అప్పా కూడలి వైపు బాహ్యవలయ రహదారి పక్కన సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ మార్గాన్ని 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. హిమాయత్‌సాగర్ చుట్టుపక్కల రోడ్లు వారాంతాల్లో సైక్లిస్టులకు అలవాటైనవే.

కుదించుకుంటే వీలే

కొందరు అనుభవజ్ఞులు దీనికి తేలికైన ఉపాయం పాటిస్తున్నారు. దూరమంతా తొక్కాలన్న పట్టుదల విడిచి, సైకిళ్లతో సహా రైలులో విజయవాడ లేదా గుంటూరు చేరుకుని, అక్కడి నుంచి రాత్రి ప్రయాణం మొదలుపెట్టడమే ఆ ఉపాయం. విజయవాడ నుంచి మంగినపూడికి సుమారు 80 కిలోమీటర్లు. రాత్రి పదకొండుకు బయలుదేరి, నడుమ ఒకచోట టీ కోసం ఆగినా తెల్లవారకముందే తీరంలో ఉండవచ్చు. గుంటూరు నుంచి బాపట్ల మీదుగా సూర్యలంకకు 60 కిలోమీటర్లే. ఇదైతే అర్ధరాత్రి దాటాక బయలుదేరినా సరిపోతుంది. లండన్ నుంచి బ్రైటన్ వెళ్లే దూరంతో పోలిస్తే ఈ రెండూ తక్కువే. దారి పూర్తిగా డెల్టా మైదానం. ఎక్కుడు అన్నమాటే లేదు.

పైగా డన్విచ్‌కూ మన తీరానికీ ఒక పోలిక ఉంది. రెండూ తూర్పు తీరాలే. సూర్యుడు నీళ్లలోంచే పైకి వస్తాడు. బ్రైటన్ దక్షిణ తీరం కనుక ఆ భాగ్యం అక్కడ పూర్తిగా దక్కదు.

మరో అనుకూలత గాలి. పగటివేళ నేల త్వరగా వేడెక్కడం వల్ల సముద్రం వైపు నుంచి ఒడ్డుకు గాలి వీస్తుంది. తీరానికి వెళ్లే సైక్లిస్టుకు అది ఎదురుగాలి. రాత్రివేళ నేల త్వరగా చల్లబడి, గాలి దిశ తిరగబడి నేల నుంచి సముద్రానికి వీస్తుంది. తీరానికి చేరువైన కొద్దీ వేకువజామున వెన్నులో మెల్లగా తోసే ఈ గాలి అలసిన కాళ్లకు పెద్ద ఊరట. వేటకు వెళ్లే పడవలు చీకటితోనే ఒడ్డు విడవడానికి పూర్వం ఈ గాలే ఆధారం. ఈశాన్య రుతుపవనాలు బలంగా ఉన్న రోజుల్లో, వాయుగుండాల వేళల్లో మాత్రం ఈ లెక్క తప్పుతుంది.

కార్తీక పున్నమే అదను

ఇంగ్లండ్ వారు జులై పౌర్ణమిని ఎంచుకోవడానికి కారణం అక్కడ అప్పుడు రాత్రి చిన్నది, చలి తక్కువ. మనకు జులైలో వాన, ఏప్రిల్ మే నెలల్లో ఉక్క. అందువల్ల కార్తీకం నుంచి మాఘం వరకు వచ్చే పున్నములే అనువైనవి. ఇందులో ఒక ఖగోళ విశేషం ఉంది. పౌర్ణమి చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదుటి దిక్కున ఉంటాడు. కాబట్టి సూర్యుడు దక్షిణాన కిందుగా నడిచే శీతకాలంలో పున్నమి చంద్రుడు ఎత్తుగా నడుస్తాడు. కార్తీక పున్నమినాడు అర్ధరాత్రి మన ప్రాంతంలో చంద్రుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. చెట్ల నీడలు రోడ్డుపై పొడవుగా పడవు. గుంతలు, రాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. సూర్యాస్తమయంతో ఉదయించి సూర్యోదయంతో అస్తమిస్తాడు కనుక రాత్రి పొడవునా వెలుగు ఉంటుంది. జులైలో ఇంగ్లండ్ సైక్లిస్టులకు దక్కే చంద్రుడు ఆకాశంలో కిందుగా చెట్ల చాటున తిరిగేవాడే.

పున్నమి నాటి సముద్ర యాత్ర తెలుగువారికి కొత్తదేమీ కాదు. కార్తీక, మాఘ పూర్ణిమలకు మంగినపూడి, సూర్యలంక, హంసలదీవి తీరాల్లో పుణ్యస్నానాలకు జనం పోటెత్తుతారు. బస్సులు లేని కాలంలో కృష్ణా, గుంటూరు పల్లెల నుంచి ఎడ్లబండ్లు కట్టుకుని, వెన్నెల్లో రాత్రంతా ప్రయాణించి, వేకువన స్నానం చేసి తిరిగివచ్చేవారు. బండి స్థానంలో సైకిల్ వచ్చిందనుకుంటే సరి. అయితే అదే రోజు తీరం దారులు వాహనాలతో కిక్కిరిసి ఉంటాయి. ప్రశాంతత కోరుకునేవారు పున్నమికి ఒకటి రెండు రోజులు అటూ ఇటుగా వెళ్లడం ఉత్తమం. వెన్నెలకు పెద్దగా లోటుండదు.

వాతావరణ హెచ్చరికలను మాత్రం తేలిగ్గా తీసుకోరాదు. తీరానికి తుపానుల కాలం కూడా ఇదే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన ఈ తీరంలోనిదే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. సాతంరాయి వాసులకు ఇంత దూరపు ఉదాహరణలూ అక్కర్లేదు. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వానకు అప్ప చెరువు తెగి, పక్కనే ఉన్న గగన్‌పహాడ్ వద్ద జాతీయ రహదారి కోతకు గురైంది. వరదలో కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయినవారున్నారు. చీకట్లో రోడ్డుపై పారే నీటి లోతు ఎవరికీ తెలియదు. అటువంటి చోట సైకిల్ దిగి వెనుదిరగడమే మార్గం.

ప్రాణాలకు ముప్పు ఎక్కడ?

రాత్రి సైకిల్ యాత్రలో ప్రమాదం మూడు రూపాల్లో పొంచి ఉంటుంది. కనిపించకపోవడం, కునుకు, రోడ్డుపై నిలిచిన వస్తువులు.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు 22 మీటర్లు ముందుకు వస్తుంది. ముదురు రంగు దుస్తుల్లో, దీపం లేకుండా వెళ్లే సైక్లిస్టు యాభై మీటర్ల దూరంలో కనపడ్డాడనుకున్నా డ్రైవరుకు మిగిలేది రెండు సెకన్లు. అందులో ఒక సెకను గుర్తించడానికే పోతుంది. వెనుక ఎర్ర దీపం, మెరిసే పట్టీలు ఉంటే అదే సైకిల్ కొన్ని వందల మీటర్ల నుంచే తెలుస్తుంది. వీపుపై పట్టీ కంటే చీలమండలకు కట్టుకునే పట్టీ మరింత ఉపయోగకరం. పెడల్‌తో పాటు పైకీ కిందికీ కదిలే వెలుగును చూడగానే అది మనిషి అని డ్రైవరు మెదడు పోల్చుకుంటుంది. దీపం బ్యాటరీ గరిష్ఠ వెలుగులో కొన్ని గంటలే వస్తుంది. శీతకాలపు రాత్రి పన్నెండు గంటలు. కాబట్టి రెండో దీపం, అదనపు బ్యాటరీ లేకుండా బయలుదేరరాదు.

రెండోది నిద్ర. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు గంటల మధ్య మనిషి శరీరం సహజంగానే మగతలోకి జారుతుంది. సైకిల్ తొక్కేవారికీ, లారీ నడిపేవారికీ ఒకేసారి కునుకు పట్టే వేళ ఇది. రహదారి ప్రమాదాల్లో ఈ వేళకు ఉన్న అపకీర్తి పోలీసులందరికీ తెలిసిందే. అరగంటసేపు తల వాలుతున్నట్లు అనిపించినా మొండిగా తొక్కడం కంటే, పెట్రోలు బంకు అరుగుపైనో టోల్‌ప్లాజా వద్దనో ఇరవై నిమిషాలు పడుకుని లేవడం ఎంతో నయం. విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌ప్లాజాలు ఇందుకు పనికివస్తాయి. వెలుతురు, నీరు, మరుగుదొడ్లు, మనుషుల అలికిడి అక్కడ రాత్రంతా ఉంటాయి. సైకిళ్లకు టోల్ లేదు. సంక్రాంతి ముందు రోజుల్లో మాత్రం ఈ దారి వైపు చూడకపోవడమే మంచిది. పంతంగి వద్ద బారులుతీరే కార్ల సంగతి తెలిసిందే.

మూడోది మన ప్రాంతానికే ప్రత్యేకం. కార్తీకమంటే వరి కోతల కాలం. నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట ప్రాంతాల్లో రైతులు ధాన్యాన్ని రోడ్లపైనే ఆరబోస్తారు. కల్లాలు చాలని రైతును తప్పుపట్టి ప్రయోజనం లేదు. కానీ రాశుల చుట్టూ కాపుగా పెట్టే బండరాళ్లు, పైన కప్పే నల్లటి పట్టాలు చీకట్లో కలిసిపోతాయి. మోటారు సైకిళ్లు వీటికి గుద్దుకుని మరణించిన ఘటనలు ఏటా వార్తలకెక్కుతూనే ఉన్నాయి. మిల్లుల వద్ద వెనుక దీపాలు లేకుండా ఆగి ఉండే ట్రాక్టర్లు, భుజంపై నిలిపి ఉంచే లారీలు కూడా ఇంతే ప్రమాదకరం. సర్వీసు రోడ్డు, రహదారి భుజం సురక్షితమని నమ్మి తల వంచుకుని తొక్కేవారు ముందుగా వీటికే గురవుతారు. లారీ టైర్లు పేలినప్పుడు రాలే సన్నని తీగలు, తుమ్మముళ్లు సైకిల్ ట్యూబులకు శత్రువులు. ఒక్కొక్కరు రెండు ట్యూబులైనా వెంట ఉంచుకోవాలి.

అత్యవసర వేళ జాతీయ రహదారుల సంస్థ 1033 నంబరు, అంబులెన్సుకు 108, పోలీసులకు 112 పనిచేస్తాయి. కిలోమీటరు రాయిపై అంకెను గమనిస్తూ వెళ్లడం అలవాటు చేసుకుంటే ఎక్కడున్నదీ చెప్పడం సులువవుతుంది.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఈ జాగ్రత్తలన్నీ వేల రూపాయలు వెచ్చించగల ఔత్సాహికులకు తెలిసినవే. అదే రోడ్డుపై, అదే చీకట్లో, రోజూ పని నుంచి తిరిగివచ్చే కార్మికుడి సైకిల్‌కు వెనుక ఎర్ర బిళ్ల సైతం ఉండదు. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ వరకు రహదారిని ఆరు వరుసలుగా విస్తరించి వంతెనలు కట్టాక వాహనాల వేగం పెరిగింది. సైకిల్‌కు ప్రత్యేక వరుస అన్నది మాత్రం ఆ విస్తరణలో కనిపించదు. కొన్ని రూపాయలకు దొరికే మెరిసే పట్టీ చక్రపు చువ్వలకూ మడ్‌గార్డుకూ అతికించినా దూరం నుంచి తెలుస్తుంది. తీరయాత్రలు చేసే బృందాలు బయలుదేరే ముందు సాతంరాయి, గగన్‌పహాడ్‌లలో కొన్ని పట్టీలు పంచిపెడితే వారికి అయ్యే ఖర్చు ఒక పూట భోజనం కంటే మించదు.

తిండి, నీరు

రాత్రివేళ దాహం తెలియదు కనుక చాలామంది నీరు తాగడం మరిచిపోతారు. తెల్లవారాక తలనొప్పి, కండరాల పట్టు మొదలవుతాయి. గంటకు అర లీటరు చొప్పున తాగుతూ, ఓఆర్ఎస్ పొట్లాలు వెంట ఉంచుకోవాలి. శరీరంలో నిల్వ ఉండే పిండిపదార్థం రెండు మూడు గంటల శ్రమకు మించి రాదు. ఆకలి వేసేదాకా ఆగక అరటిపళ్లు, ఖర్జూరాలు, వేరుశనగ ఉండలు కొద్దికొద్దిగా తింటుండాలి. దాబాల్లో అర్ధరాత్రి బిర్యానీ ఆరగించి సైకిలెక్కితే కునుకు ఖాయం. తెల్లవారుజామున దొరికే ఇడ్లీ దీనికి సరైన తిండి.

తీరం చేరాక

నవంబరులో ఈ తీరాన సూర్యోదయం ఆరుంపావు ప్రాంతంలో అవుతుంది. ఐదున్నరకే తూర్పు తెల్లబడుతుంది. అరగంట ముందుగా చేరితే చాలు.

యాత్రలో అసలు ప్రమాదం ఇక్కడ ఉందని చాలామందికి తోచదు. రాత్రంతా తొక్కి వచ్చిన ఉత్సాహంలో నేరుగా అలల్లోకి దిగడం ప్రాణాంతకం. సూర్యలంకలో స్నానానికి దిగి యువకులు గల్లంతైన ఘటనలు పలుమార్లు చోటుచేసుకున్నాయి. పోలీసులు తీరంలోకి ప్రవేశం నిలిపివేసిన సందర్భాలూ ఉన్నాయి. అలసిన కండరాలు నీటిలో పట్టేస్తాయి. వెనక్కి లాగే ప్రవాహాన్ని ఎదిరించే శక్తి మిగిలి ఉండదు. గంటసేపు ఒడ్డున కూర్చుని, ఏదైనా తిని, గజఈతగాళ్లు ఉన్నచోట మోకాలి లోతు దాటకుండా తడిసి రావడమే క్షేమం. సైకిల్‌ను ఇసుకలోకి దించకూడదు. ఉప్పునీరు, ఇసుక గొలుసులో చేరితే రెండు రోజుల్లో తుప్పు పడుతుంది. ఊళ్లోకి తిరిగివచ్చిన వెంటనే మంచినీటితో కడిగి నూనె వేయాలి. బందరు దాకా వచ్చినవారు లడ్డూ, హల్వా కొనకుండా కదలరు కనుక ఆ దుకాణం వద్దే ఒక బకెట్ నీళ్లు అడిగితే పని పూర్తవుతుంది.

తిరుగు ప్రయాణం సైకిల్‌పై చేయాలని పట్టుబట్టేవారు అరుదు. మచిలీపట్నం నుంచి సికింద్రాబాద్ మీదుగా బీదర్ వెళ్లే రాత్రి రైలు ఉంది. బాపట్ల చెన్నై-విజయవాడ ప్రధాన మార్గంపై ఉంది కనుక రైళ్లకు కొదవ లేదు. సైకిల్‌ను పార్శిల్ కార్యాలయంలో బుక్ చేసి లగేజీ పెట్టెలో ఎక్కించాలి. చిన్న స్టేషన్లలో రైలు ఆగేది ఒకటి రెండు నిమిషాలే కావడంతో బృందంలో పదికి మించి సైకిళ్లుంటే ఒకే రైలులో ఎక్కించడం కుదరదు. బయలుదేరే స్టేషన్ నుంచే ఎక్కడం లేదా ముందురోజే పార్శిల్ సిబ్బందిని సంప్రదించడం అవసరం. పేరు, ఫోన్ నంబరు, దిగే స్టేషన్ రాసిన అట్టముక్కను హ్యాండిల్‌కు గట్టిగా కట్టాలి. దీపాలు, నీళ్ల సీసా, పంపు విప్పి సంచిలో పెట్టుకోవాలి. సికింద్రాబాద్‌లో దిగాక సాతంరాయికి మరో పాతిక కిలోమీటర్లు తొక్కాల్సి ఉంటుంది కనుక, టైర్లలో గాలి అక్కడే చూసుకుంటే మంచిది.